సన్నని ఈల

“ఇది మూడోసారండీ,” అంటూ సంగీతం మాస్టారు సింథసైజర్‌ను బల్ల మీద దించారు. “ఈల పోలేదు.”

వీధిలో అందరూ టంకం బాబాయి అని పిలుచుకునే ఆయన, కళ్లద్దాలను నుదుటి మీదికి నెట్టి ఆ పెట్టె వైపు చూశాడు. కిందటి నెలలోనే, ఈ వెనకగదిలోనే, ఒక్కొక్క వైరే అతికి తాను స్వయంగా తయారుచేసిన వాయిద్యం అది. దాన్ని స్పీకరుకు తగిలించి, ధ్వని పూర్తిగా పెంచి, మీటలేవీ నొక్కకుండా చెవి ఆన్చి విన్నాడు. చడీచప్పుడూ లేదు.

“నాకేమీ వినిపించడం లేదే.”

“సన్నగా ఉంటుంది.”

“ఏ స్వరంలో ఉందో చెప్పండి, వెతకడం తేలికవుతుంది.”

కిందపడిన చెంచా మోతకు కూడా స్వరం పేరు చెప్పగల మాస్టారు ఆ ప్రశ్నకు కాస్త తడబడి, అది స్వరాలకు అందే రకం కాదన్నారు. అలాంటి పెట్టెను ముందు పెట్టుకుని శిష్యులకు పాఠం చెప్పలేనని, సాయంత్రానికి బాగుపడకపోతే దాన్ని ఇక్కడే వదిలేసి పోతానని చెప్పి వెళ్లిపోయారు.

బాబాయికి ఒళ్లు మండింది. లేని జబ్బుకు మందెక్కడినుంచి తెస్తాడు? ఆయన చేతి మీదుగా ఇప్పటికి పద్నాలుగు సింథసైజర్లు బయటికి వెళ్లాయి. ప్రతిదాన్నీ చివరికి చెవితోనే పరీక్షించి పంపాడు. యంత్రాలు కొలుస్తాయే గాని వినవని ఆయన సిద్ధాంతం. అయినా మాస్టారి నోరు మూయించడానికి రుజువు కావాలి గనుక, ధ్వనిని తెర మీద గీతగా చూపే ఆసిలోస్కోపు తగిలించాడు. తెర మీద ఆకుపచ్చ గీత తిన్నగా సాగింది. కాస్త లావుగా ఉంది. అది ఎప్పుడూ అంతే, తెర పాతబడిందని ఏనాడో తీర్మానించుకున్నాడు. రుజువు పకడ్బందీగా ఉండాలని గుండీ తిప్పి ఆ గీతను సాగదీశాడు.

లావు గీత విచ్చుకుని అలలైంది. సెకనుకు పదమూడు వేల చొప్పున, నేతలో దారాల్లాగా, ఒక్కటీ తప్పకుండా.

మళ్లీ స్పీకరుకు చెవి ఆన్చాడు. కళ్లముందు అల ఆడుతూనే ఉంది. చెవిలో మాత్రం ఏమీ లేదు.

భార్యను పిలిచాడు. ఆమె తడి చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఏమైనా వినిపిస్తోందా?”

“ఆ సన్నటి కూతేగా?”

“ఎప్పటినుంచి?”

“ఎప్పటినుంచేమిటి, మీరు చేసిన పెట్టెలన్నీ అలాగే కూస్తాయిగా. అదీ సంగీతంలో భాగమే కాబోలని ఊరుకున్నాను.” వెళ్లబోతూ ఆగింది. “మీకు వినిపించదా?”

బాబాయి తెర మీది అలల వైపు తిరిగాడు. ఆమె వంటింట్లోకి వెళ్లి, పొయ్యి తగ్గించి, మళ్లీ వచ్చి ఆయన పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

తప్పు దొరకడానికి పావుగంట కూడా పట్టలేదు. బెత్తెడు వైరు ఉండకూడని చోట ఉంది. దాన్ని విప్పి వేరేచోట టంకం పెట్టగానే తెర మీద గీత వెంట్రుకంత సన్నబడింది, కూత పోయిందన్నట్టు ఆమె తల ఊపింది. మధ్యాహ్నమంతా ఆయన్ని కూర్చోబెట్టింది ఆ వైరు కాదు. మిగతా పదమూడింటిలోనూ ఆ వైరు అక్కడే ఉంది. కొన్నవాళ్లు మొహమాటానికి ఊరుకున్నారో, వాళ్లవీ తనలాంటి చెవులేనో తెలియదు. వాటిని వెనక్కి తెప్పించాలంటే కారణం చెప్పాలి. చెబితే, చెవి పోయినవాడి చేతికి వాయిద్యం ఇచ్చేదెవరు? చెప్పకపోతే అడిగేవాళ్లూ లేరు. చేతిలో టంకం కడ్డీ చల్లారిపోయేదాకా ఆ రెంటి మధ్యే తిరిగాడు.

సాయంత్రం మాస్టారు వచ్చి, స్పీకరు ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, తల పక్కకు వాల్చి చాలాసేపు విన్నారు.

“పోయింది,” అని తీర్పు చెప్పారు. “ఇప్పుడు శుభ్రంగా ఉంది.”

ఆ చెవులను చూసి బాబాయికి అసూయ కలిగింది. మాస్టారు లేచారు. ఇంకొక్క నిమిషం ఊరుకుంటే ఆయన పెట్టె పట్టుకుని వెళ్లిపోతారు, సంగతి అంతటితో సమసిపోతుంది.

“కూర్చోండి మాస్టారూ,” అన్నాడు బాబాయి. “మీరు చెప్పిందే నిజం. ఈల మొదటి రోజునుంచీ ఉంది. నా చెవికి అందలేదు, అంతే. తెర మీద చూసి బాగుచేశాను. పోయిందని మా ఆవిడ చెబితే నమ్మాను. మిగతావన్నీ వెనక్కి తెప్పించి సరిచేయాలి. ఆవిడకు ఇంటి పనే సరిపోతుంది, ఎంతసేపని ఈ గదిలో కూర్చోబెట్టను? మీలాంటి చెవి పక్కన ఉంటే తప్ప నేనిక ఈ పని చేయకూడదు. వారానికొక పూట వచ్చి వినిపెడతారా?”

మాస్టారు మళ్లీ కూర్చున్నారు. పెట్టె మీద లేని దుమ్మును వేలితో తుడిచారు. ఒక మీట నొక్కి, అది పలికి ఆగిపోయేదాకా చూశారు.

“మీకు కావలసింది నేను కాదండీ,” అన్నారు చివరికి, తల ఎత్తకుండా. “స్విచ్ వేయగానే చెవులు వెనక్కి పెట్టి గదిలోంచి లేచిపోయేది మా పిల్లి. దాని మాట పట్టుకునే నేను మూడుసార్లు మీ మీదికి వచ్చింది.”