మామగారి ప్రోగ్రాము

"ఇచ్చేది ఒక్కటే ఇనుప ముక్క. కొలత తప్పిందా, రేపట్నుంచి మీకు గేటు దగ్గర కుర్చీయే గతి," అన్నాడు సూపర్‌వైజరు.

మామగారు బుద్ధిగా తలూపారు. ఏళ్ళ తరబడి పాత లేత్ మీద చక్రాలు తిప్పి ఇనుము చెక్కిన చేతులు ఆయనవి. కంప్యూటర్ మిషను మీటల ముందుకొచ్చేసరికి కొత్త పెళ్ళికొడుకులా బిగుసుకుపోయాయి. ఇది నేర్పింది స్వయానా కోడలు. ఆ షెడ్డులో దానికి ప్రోగ్రాములు రాసేది ఆవిడే. ఇంట్లో మామ, ఇక్కడ శిష్యుడు అని అందరూ ఆటపట్టిస్తూనే ఉన్నారు. నవ్వితే నవ్వనీ, లేత్ చప్పుడు వినపడకపోతే ఈ మనిషి ఏమైపోతాడో అన్నదే ఆవిడ బెంగ.

"మీరు పక్కకెళ్ళండమ్మా. తెర చూడకూడదు."

"ఒక్క మాట సార్," అని ఆవిడ ఇటు తిరిగింది. "మామయ్యా, కళ్ళు మూసుకోండి. మీ పాత లేత్ ముందే ఉన్నాననుకోండి. అక్కడ ఒక్కో ముక్కకీ ఏమేం చేస్తారో వరసగా అదే కొట్టండి. ఏదీ వదలొద్దు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కుడిచెయ్యి గాల్లో లేని చక్రాన్ని తిప్పింది. కళ్ళు తెరిచి ఒంటి వేలితో ఏదో కొట్టారు, మళ్ళీ మూసుకున్నారు. కిటికీ ఎండలో నూనె పొగ నెమ్మదిగా తేలుతోంది. ఆ మొహం చూస్తే మనిషి ఇక్కడ లేడు, ఎక్కడో చల్లటి చోట తిరుగుతున్నాడు. ఆమెకి పిలవబుద్ధి కాలేదు.

చివరికి పచ్చ మీట నొక్కారు.

గాజు తలుపు వెనక పాలలాంటి నూనెనీళ్ళ వాన మొదలైంది. అందులో ముక్క గిర్రున తిరుగుతుంటే ఇనుప పొట్టు రింగులు రింగులుగా జారింది. షెడ్డంతా నీళ్ళ అడుగున ఉన్నట్టుంది. ఆమె అలా చూస్తూ ఉండిపోయింది. ఇంతలో కోసే టూలు వెనక్కి జరిగి ఊరికే ఆగిపోయింది.

ఎంతసేపటికీ కదలదే.

"ఇక చాలు," అంటూ సూపర్‌వైజరు ఎర్ర మీట మీదికి చెయ్యి చాపాడు. అప్పుడు కదిలింది టూలు, తనంతట తానే. చివరి కోత నున్నగా సాగిపోయింది.

ముక్కని అటు తిప్పి, ఇటు తిప్పి మైక్రోమీటరుతో కొలిచాడు సూపర్‌వైజరు. వెంట్రుకవాసి తేడా లేదు.

"మరి మధ్యలో ఎందుకాగినట్టు?"

ఆమెకి చటుక్కున తట్టింది. "కోస్తుంటే ముక్క వేడెక్కి ఉబ్బుతుంది కద సార్. చల్లారాక చివరి కోత వేస్తే కొలత నిలుస్తుంది. అందుకే ఆపారు."

"అనుభవం అంటే అదీ. రేపట్నుంచి ప్రోగ్రాములన్నిట్లో ఆ విరామం పెట్టండి," అని సూపర్‌వైజరు మామగారి భుజం తట్టి వెళ్ళిపోయాడు.

ఆమె కళ్ళు చెమర్చాయి. "చల్లార్చాలని నేను నేర్పనే లేదు మామయ్యా. మీకెలా తోచింది?"

మామగారు అటూ ఇటూ చూసి గొంతు బాగా తగ్గించారు.

"చల్లార్చడమేంటమ్మా? పాత లేత్ దగ్గర ప్రతి ముక్కకీ సరిగ్గా అక్కడే నేనో చిన్న కునుకు తీస్తాను."