బండింటి గడప

ఎండలకు తాళలేక జనమంతా చక్రాల ఇళ్లలోకి మారి పదేళ్లయింది. చల్లటి చోటు వెతుక్కుంటూ ఇళ్లు వారానికో ఊళ్లో ఆగుతాయి. వాటికి కరెంటు రిపేర్లు చేసే ఓబులేసు ఆ రోజు చూసిన తొమ్మిదో బండిల్లు సుంకమ్మది. పొద్దున్నుంచి కరెంటు నిలవడం లేదు. ఫ్రిజ్‌లో ఆమె కూతురి షుగర్ ఇంజెక్షన్లున్నాయి. వేడెక్కితే అవి పనికిరావు.

బ్యాటరీ బాగుంది, ఫ్యూజులూ బాగున్నాయి. ఓబులేసు నడుం పట్టుకుని తలుపు కింది ఇనుప పట్టీ దగ్గర కూర్చున్నాడు. ఎర్తు వైరు బిగించిన బోల్టు అక్కడే ఉంది. దాని చుట్టూ పసుపూ తుప్పూ కలిసి గట్టిపడి, వైరు ఇనుముకు ఆనడం లేదు.

"శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు పూస్తాండావా?"

"ఇంటికి గడప ఉండాల గదన్నా. ఇదే గడపనుకున్యా."

ఈ వారం ఇలాంటివి నాలుగు చూశాడు. తిట్టే ఓపిక కూడా లేదు. వైరు విప్పి, జానెడు ఎడంగా కొత్త బోల్టుకు బిగించాడు. ఫ్రిజ్ మళ్లీ గుర్రుమంది.

"ఇంగ పూయకూడదా అన్నా?"

"పూసుకోమ్మా. వైరు పక్కకు జరిపినా."

సాయంత్రానికి కాళ్లీడ్చుకుంటూ తన బండింటికి చేరాడు. లోపల ఎవరూ లేరు. తన తలుపు కింద ఏనాడూ పసుపెరగని ఉత్త ఇనుప పట్టీని తొక్కకుండా దాటి లోపలికి వెళ్లాడు.