తగ్గని ఛార్జింగు

"ఈ కరెంటు బండి మీటరు చెడినట్టుంది, చూడవయ్యా. ఆఫీసుకెళ్లి తిరిగొచ్చినా ఛార్జింగు సగం కూడా దిగడం లేదు" అన్నాను.

మెకానిక్ నవ్వాడు. "అందరూ ఛార్జింగు నిలవడం లేదని ఏడుస్తారు సార్, మీరేంటి? ఎప్పట్నుంచి ఇలా?"

"నెల నుంచి."

వైర్లన్నీ చూసి, బండి ఓ రౌండు తిప్పుకొచ్చాడు. "లక్షణంగా ఉంది. ఇదివరకు వెనకాల ఎవరైనా కూర్చునేవారా సార్?"

సాయంత్రం ఇద్దరం డ్యూటీ దిగి మా వీధి ఎత్తుకి వచ్చేసరికి మీటరులో ఎర్రలైటు వెలిగేది. "నీ బరువుకి బండి మూలుగుతోంది" అనేవాణ్ణి. "నా బరువా, మీ బొజ్జా?" అంటూ మా ఆవిడ దిగి, టిఫిన్ సంచులు రెండూ పట్టుకుని పక్కనే నడిచేది.

ఆవిడ పోయి నెలయింది.

"అయినా సరే, మీటరు మార్చెయ్యి" అన్నాను.