చెవుల్లో అంతరిక్షం

నా సెలూన్లో క్షవరాలు చేస్తూ ఇయర్‌ఫోన్లలో అంతరిక్ష నాటకాలు వినడం నాకు మహా పిచ్చి. ఒక్కో భాగం కంఠతా వచ్చేదాకా వింటాను. కత్తెర ఇక్కడ ఆడుతుంటే నేను గ్రహాలు దాటిపోతుంటాను. మనసు అలా తేలిపోవడం వల్లే చేతికి పనితనం వచ్చిందనీ, అందుకే సాయంత్రమయ్యేసరికి బెంచీ నిండిపోతోందనీ నా నమ్మకం. ఎదురుగా ఏసీ సెలూన్ వాడు ఈగలు తోలుకుంటున్నాడు.

“కళ అంటే అదే మరి!” అని మా ఆవిడ దగ్గర గొప్పలు పోయాను. ఆవిడ నవ్వి ఊరుకుంది.

నిన్న, నాటకంలో కెప్టెనమ్మ ఎక్కిన నౌక పేలబోతుండగా ఇయర్‌ఫోన్లు పాడయ్యాయి. చేసేదిలేక నోరు మూసుకుని పని చేశాను.

కాసేపటికి బెంచీ మీద గుసగుసలు మొదలయ్యాయి. ఒకరిద్దరు లేచి వెళ్లిపోయారు. క్రాపులో ఎక్కడైనా సొట్ట పడిందేమోనని అద్దంలో వెతికాను.

బెంచీ చివర కూర్చున్న రిటైర్డ్ పోస్టుమాస్టరుగారు ఇక ఆగలేకపోయారు.

“ఏమయ్యా, ఇవాళ నోరు విప్పవేం? ఆ కెప్టెనమ్మ బయటపడిందా, లేదా?”

“ఆ కథ మీకెలా తెలుసండీ?”

“బాగుందయ్యా! ఆడగొంతు, మగగొంతు, రాకెట్టు చప్పుడు, రోజూ అన్నీ నువ్వే చేస్తావుగా! చెవులు మూసుకుంటావు కాబట్టి నీకు వినపడదు గానీ, వీధి చివరిదాకా వినపడుతుంది.”

తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మాట మార్చడానికి, “రండి, ముందు మీకు క్షవరం చేస్తాను” అన్నాను.

ఆయన టోపీ తీశారు. నున్నటి బట్టతల తళతళా మెరిసింది.

“దేనికీ?” అన్నారు.