లిండ్‌క్విస్ట్‌కే నా ఓటు

"ఆదివారం నన్ను ఉద్యోగంలోంచి తీసేశావు. మంగళవారం పిలిచి, నా కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టాలో చెప్పమంటున్నావు. నీకేమైనా న్యాయంగా ఉందా, మార్లీన్?"

కాలేజీ క్రీడా విభాగానికి అధిపతి అయిన మార్లీన్ కుచార్ తలెత్తలేదు.

"న్యాయంగా లేదు," అంది. "కొత్త కోచ్‌ని ఎంచే కమిటీలో ఉన్నదేమో ఒక పళ్ళ డాక్టరు, ఒక ట్రాక్టర్ల వ్యాపారి, ఒక కెమిస్ట్రీ ప్రొఫెసరు. వాళ్ళకి ఫుట్‌బాల్ అంటే స్కోరుబోర్డే. సాయంత్రంలోగా పేరు తేల్చాలి. ఇంకెవర్నడగను?"

డ్వైట్ హెనెగర్ కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. ఆరేళ్ళుగా ఆ కాలేజీ జట్టుకి అతనే హెడ్ కోచ్. ఈ ఏడు మాత్రం వరస ఓటములు. కోపం తెచ్చుకోవడానికి కూడా ఓపిక మిగల్లేదు. కిటికీ అవతల ఖాళీ మైదానం మీద నెబ్రాస్కా గాలి మంచుపొడిని ఊడ్చుకుపోతోంది.

"సరే, చెప్పు."

"ఇద్దరు మిగిలారు. బ్రాక్ టిలరీ, నాలుగేళ్ళలో ముప్ఫయ్యొక్క గెలుపులు, పదమూడు ఓటములు. రెండోవాడు వారెన్ లిండ్‌క్విస్ట్, మిన్నెసోటాలో కార్వర్ కాలేజీ కోచ్. ఇరవై రెండు గెలిచాడు, ఇరవై రెండు ఓడాడు. కమిటీ అంతా టిలరీ వైపే."

డ్వైట్ కళ్ళజోడు పెట్టుకుని కాగితాలు దగ్గరికి తీసుకున్నాడు.

"మొత్తం కాదు, ఏడాదికేడాది చూడు. టిలరీ మొదటేడు పది గెలిచాడు. తర్వాత తొమ్మిది, ఏడు, ఐదు. ముందున్న కోచ్ వండిపెట్టి వెళ్ళిన కూర వడ్డించాడు, అంతే. గిన్నె అడుగు కనిపించేసరికి మీ గుమ్మం తొక్కాడు."

"మరి లిండ్‌క్విస్ట్?"

"రెండుతో మొదలెట్టాడు. తర్వాత నాలుగు, ఏడు, తొమ్మిది. పొయ్యి తనే రాజేసుకున్నవాడు. ఊరూరూ తిరిగి కుర్రాళ్ళని ఏరుకొచ్చాడు."

"అంత బాగా కుదిరిన జట్టుని వదిలి మన దగ్గరికెందుకొస్తాడు? ఊరికే దరఖాస్తు పడేశాడేమో."

"వాళ్ళావిడ పుట్టిల్లు ఇక్కడికి గంట దూరం. పిలిస్తే రెక్కలు కట్టుకుని వస్తాడు."

"నీకెలా తెలుసు?"

"కోచ్‌ల పెళ్ళాలు మాట్లాడుకుంటారు మార్లీన్. మాకు తెలియనిదల్లా మమ్మల్ని ఎప్పుడు తీసేస్తారన్నదే."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కాసేపు కాగితాలకేసి చూసి, కమిటీ వాళ్ళకి ఒక్కొక్కరికీ ఫోన్ చేసింది. పళ్ళ డాక్టరు గొణిగాడు. మిగతావాళ్ళు సరేనన్నారు. తర్వాత మిన్నెసోటాకి చేసింది. అవతల లిండ్‌క్విస్ట్ మారుమాట లేకుండా ఒప్పుకున్నాడు.

మార్లీన్ లేచి వచ్చి డ్వైట్ చెయ్యి పట్టుకుంది. "నీ చోట ఇంకొకరుంటే కసికొద్దీ ఆ టిలరీనే మాకు అంటగట్టి పోయేవారు. మేము చేసినదానికి నువ్వు చేసిందేమిటో చూడు."

"ఉన్నమాటే చెప్పాను," అన్నాడు డ్వైట్ కోటు తొడుక్కుంటూ.

కార్లో కూర్చుని తలుపు వేసుకున్నాడు. తర్వాత భార్య లూఎల్లాకి ఫోన్ చేశాడు.

"అటక మీంచి అట్టపెట్టెలు దించనా?" అంది ఆమె. ఆ గొంతులో నిష్ఠూరం లేదు, ఉన్నదల్లా అలసటే. "ఈసారి ఏ ఊరు?"

"మిన్నెసోటా. కార్వర్ కాలేజీలో కోచ్ ఉద్యోగం ఖాళీ అయింది. మొదటి దరఖాస్తు నాదే."

"అక్కడ లిండ్‌క్విస్ట్ ఉన్నాడుగా. ఖాళీ అని నీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పేదేమిటి లూ, ఇప్పుడే నేనే ఖాళీ చేయించి వస్తున్నా."