గుమ్మం బయటి తోకలు

ఒకానొక పెరట్లో అరటిచెట్టు మొదట్లో పందికొక్కుకి ఏడు గదుల కలుగు ఉండేది. ఆ పక్కనే బోర్లాపడ్డ పగిలిన పిడతలో చిట్టెలుక కాపురం. ఒకరోజు చిట్టెలుక ఇరుగుపొరుగు అందర్నీ విందుకి పిలిచింది.

"ఆ పిడతలో విందట! కాలు పెట్టే చోటుందా? నేను రాను పొమ్మన్నా" అని పందికొక్కు ఇంట్లోనే కూర్చుంది. కానీ ఏడు గదుల్లో ఒక్కటే ఎంతసేపని కూర్చుంటుంది? పొద్దువాలే వేళకి ఉండబట్టలేక బయల్దేరింది.

వెళ్ళి చూస్తే ఏముంది! పిడత పగులులోంచి తోకలు వేలాడుతున్నాయి. ఉడుత కుచ్చుతోక, తొండ గరుకుతోక, చుంచు పొట్టితోక. తలల్లేవు, ఒళ్ళు లేవు, ఒట్టి తోకలే!

"అయ్యో, పిల్లి అందర్నీ మింగేసి తోకలు మిగిల్చిపోయిందిరో!" అని ఏడుస్తూ కుచ్చుతోక పట్టుకు లాగింది.

"అబ్బా! వదులు మామా!" అని లోపల్నుంచి ఉడుత అరిచింది. ఆ వెంటనే పిడత అదిరేట్టు నవ్వులు.

చిట్టెలుక తల బయట పెట్టింది. "చోటు తక్కువ కదా మామా. మనుషులు చెప్పులు విడిచినట్టు, మా ఇంటికొచ్చేవాళ్ళు తోకలు గుమ్మం బయట వదులుతారు."

"ఇంత ఇరుకులో విందేమిటే? మొన్న మా ఇంట్లో అందరికీ తలో గది ఇచ్చానే!"

"ఇచ్చావు మామా. తోకలు కూడా లోపలే పట్టాయి. మేమే ఒకరికొకరం కనపడలేదు."

పందికొక్కు తోకతోపాటు ఒళ్ళంతా గుమ్మం బయట వదిలేసి, తల ఒక్కటీ లోపలికి దూర్చింది.

ఎవరో నోట్లో అటుకుల ముద్ద పెట్టారు.