బెల్టు బిగువు

విరిగిన వెన్ను కత్తి పడనిదే కుదురుకోదని లోకం నమ్మకం. టైలరు కూడా ఆ లోకంలోనివాడే.

అటక మీది గుడ్డల మూట దించబోయి నిచ్చెన పైనుంచి పడ్డాడు. నడుము దగ్గర ఒక వెన్నుపూస నలిగింది. నరాలకు దెబ్బ తగల్లేదనీ, ఆపరేషన్ అక్కర్లేదనీ, బెల్టు పెట్టుకుని కొద్దికొద్దిగా నడిస్తే ఎముక దానంతటదే అతుకుతుందనీ డాక్టరు చెప్పాడు.

అప్పటినుంచీ మేడమీది గదే అతనికి జైలు. కింద దుకాణంలో తన మెషీను తిరుగుతుంటే ఆ అదురు మంచం కోళ్లలోంచి పాకి వీపుకు తగిలేది. దుకాణం మూతపడకూడదని భార్యే నడుపుతోంది.

మొదట్లో గుమ్మం దాకా నడిచాడు. రానురాను అదీ పోయింది. భార్య బెల్టు చుట్టి కొక్కేలు పెట్టగానే పక్కటెముకలు నలిగి, ఊపిరాడక, చెమటలు పట్టి కూలబడేవాడు.

"చంపేస్తోందే ఈ బెల్టు!"

"పడుకుని పడుకుని ఒళ్లు చేశారు. బెల్టేం చేస్తుంది పాపం?" అంటూ విప్పి, ఉతికి తెస్తానని పట్టుకెళ్లేది.

"దుకాణం ఎలా ఉంది?"

"నడుస్తోందండీ."

"నడవనీ. నేను లేచిన మర్నాడే నువ్వు మళ్లీ కాజాలూ గుండీలూ. కత్తెర ముట్టుకున్నావంటే చూడు!" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది.

కొత్త ఎక్స్‌రే చూసి డాక్టరు తేల్చేశాడు. "ఎముక అతికింది. ఇక బెల్టు కూడా తీసెయ్యండి."

"నొప్పి నాకా, ఆ ఫిల్ముకా?" అన్నాడు టైలరు.

ఇంటికొచ్చాక బావమరిది అందుకున్నాడు. "నే ముందే చెప్పాను కదా బావా! రాడ్లు వేయిస్తేనే నిలబడతావు. వేరే ఆస్పత్రిలో మాట్లాడాను. రేపు కారు తెస్తా."

"కోతలెందుకురా తమ్ముడూ? ఇలాగే ఉండనీ. నేను చూసుకోవట్లేదూ?" ఆమె కళ్లు తుడుచుకుని భర్తవైపు తిరిగింది. "బెల్టు లేకుండా మాత్రం లేవకండి, నా మీద ఒట్టే."

మర్నాడు కారు వచ్చే వేళకు భార్య కింద గిరాకీతో మాట్లాడుతోంది. టైలరు తానే బెల్టు అందుకున్నాడు. దాన్ని చేతుల్లోకి తీసుకోవడం అదే మొదలు. ఆస్తరు లోపల వేలికి ఏదో గట్టిగా తగిలింది. బెల్టును కురచ చేస్తూ కుట్టిన మడత. దాని పక్కనే ఇంకొకటి. ఆ పక్కన మరొకటి.

దిండు పక్కనున్న బ్లేడుతో ఒక్కటి మిగిల్చి అన్నీ విప్పాడు. బెల్టు పెట్టుకుని లేచాడు. నొప్పి లేదు. కిటికీ దాకా నడిచాడు. బెల్టు తీసేసి వెనక్కి నడిచాడు. అప్పుడూ లేదు.

బయట కారు హారను మోగింది.

బెల్టు తయారుచేసిన కంపెనీవాణ్ని నోటికొచ్చినట్టు తిడుతూ, మిగిలిన మడతను వెలుగులోకి తిప్పి చూశాడు.

దారం పైకి కనబడకుండా ప్రతి మూడో కుట్టునూ వెనక్కి తిప్పే ఆ పద్ధతి అతని సొంతం. పెళ్లయిన కొత్తలో, ముచ్చటపడి, ఒక్కరికే నేర్పాడు.